డైట్ సోడా తాగితే బరువు తగ్గుతామా?



బరువు తగ్గాలని డాక్టరు చెప్పగానే కొందరు రోగి కోసం డైట్ సోడా కొంటారు. ప్రేమతోనే కొంటారు, కానీ అది మందు కాదు.

300 మిల్లీలీటర్ల మామూలు కోలాలో సుమారు 30 గ్రాముల చక్కెర, అంటే 120 కేలరీలు ఉంటాయి. డైట్ సోడాలో చక్కెరకు బదులు ఆస్పర్టేమ్ వంటి కృత్రిమ తీపి ఉంటుంది. రోజూ కోలా తాగేవారు దాన్ని మాని ఇది తాగితే ఆ కేలరీలు తగ్గుతాయి. కోలా అలవాటే లేనివారికి తగ్గేదేమీ లేదు. "చక్కెర లేదు కదా" అని నాలుగు మిర్చి బజ్జీలు ఎక్కువ తింటే బరువు పెరుగుతుంది.

బరువు తగ్గడానికి ఇలాంటి తీపి పదార్థాలు వాడవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. షుగర్ ఉన్నవారికి ఆ సూచన వర్తించదు. వారు డాక్టరును అడగాలి.

దాహానికి మంచినీళ్లు, పలుచని మజ్జిగ ఇవ్వండి. అన్నం తగ్గించి కూరగాయలు పెంచండి. సాయంత్రం గుడి చెరువు దాకా కలిసి నడవండి. ఇల్లంతా పాటిస్తేనే రోగి పథ్యం నిలుస్తుంది.