టైరు అరగలేదు సరే, దాని వయసెంత?

ఈ వారం పాత కార్ల టైర్ల గురించి మాట్లాడుకుందాం. కొత్త కారు ఉన్నోళ్లు కూడా చూడండి, ఇంట్లో నాయన కారో మామ కారో ఒకటి ఉంటుంది కదా.

మన తిరుపతి, చిత్తూరు వైపు వీధికొక కారు ఇట్లాంటిది కనిపిస్తుంది. పిల్లోళ్లు బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు, కారు మాత్రం ఇక్కడ అమ్మానాన్నల దగ్గర ఎండలో నిలబడి ఉంటుంది. పెళ్లికొకసారి, ఆసుపత్రికొకసారి, ఏడాదికి రెండుసార్లు కొండకు. మా మామ ఆల్టో కూడా అంతే. 2013 మోడల్, తిరిగింది ఇరవై రెండు వేల కిలోమీటర్లు. ట్రెడ్ కొత్తదాని మాదిరే ఉంది. 'ఇంకో ఇరవై వేలు వస్తాయి లేరా' అంటాడు. ఆ మాట వినే ఈ వీడియో చేస్తున్నా.

టైరు పక్కగోడ మీద డాట్ అని మొదలయ్యే కోడ్ ఉంటుంది. దాని చివరి నాలుగంకెలు చూడండి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. మామ టైర్ల మీద 1813 అని ఉంది. అంటే 2013లో 18వ వారం, మే నెల మొదట్లో తయారైంది. కొన్నిటికి ఈ అంకెలు లోపలి వైపే ఉంటాయి, అప్పుడు స్టీరింగు పూర్తిగా తిప్పి చూడాల్సిందే. మూడంకెలే ఉంటే అది 2000కి ముందుది, దాన్ని ఇంక మ్యూజియంలో పెట్టుకోవచ్చు.

తిరగని టైరుకు ఏమవుతుంది అంటారా? రబ్బరును గాలిలోని ఆక్సిజన్ తింటూనే ఉంటుంది. బయటి నుంచే కాదు, లోపల ఒత్తిడితో ఉన్న గాలి కూడా మెల్లగా రబ్బరులోకి ఇంకుతుంది. వేడి పెరిగేకొద్దీ ఈ పని వేగంగా జరుగుతుంది, ఇంటర్ కెమిస్ట్రీలో చదువుకున్నదే. పగుళ్లు రాకుండా రబ్బరులో ఒక మైనం కలుపుతారు. చక్రం తిరిగి టైరు వంగుతుంటేనే అది పైకి వస్తుంది. నిలబెట్టిన బండికి ఆ కాపుదల కూడా తగ్గిపోతుంది. చివరికి లోపలి స్టీలు బెల్టుల దగ్గర పట్టు పోయి, ట్రెడ్ పొరలాగా ఊడి వస్తుంది. 2000లో ఫైర్‌స్టోన్ కంపెనీ అమెరికాలో అరవై ఐదు లక్షల టైర్లు వెనక్కి పిలిచింది గుర్తుందా? వాటిలో వేరే లోపాలూ ఉన్నాయి గానీ, ట్రెడ్ ఊడిన కేసులు ఎక్కువగా వచ్చింది అరిజోనా, టెక్సాస్, ఫ్లోరిడా లాంటి వేడి రాష్ట్రాల నుంచే. మన రేణిగుంట మే నెల ఎండ వాటికేం తీసిపోదు.

చాలా కార్ల కంపెనీలు ఆరేళ్లకు మార్చమంటాయి. కొన్ని టైర్ల కంపెనీలు, చూడ్డానికి బాగున్నా పదేళ్లు దాటనివ్వొద్దంటాయి. నన్నడిగితే మన ఎండలకు ఆరే లెక్క. ముఖ్యంగా కొండకు పోయే బండికి. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో కిందికి దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. ఆ వేడి డిస్కు నుంచి రిమ్ముకు, రిమ్ము నుంచి టైరుకు పోతుంది. లోపల ఐదుగురు, డిక్కీలో లడ్డూలు, లగేజీ. పన్నెండేళ్ల రబ్బరుకు అదా పరీక్ష?

స్టెప్నీ మర్చిపోవద్దు. అది ఒక్కసారి కూడా రోడ్డు మీదికి రాకపోయినా, బండితో పాటే దానికీ వయసు పెరిగింది.

టైర్లు కొనేటప్పుడు షాపులో బిగించక ముందే ఆ నాలుగంకెలు చదవండి. పాల ప్యాకెట్ మీద తేదీ చూడమా ఏంది? రెండే కొంటే వెనక్కి వేయించండి. ముందుకే వేయాలని షాపాయన వాదిస్తాడు, వినొద్దు. వానలో వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని మనలాంటోళ్లం పట్టలేము. పాత స్టీలు రిమ్ము అయితే టైరు కూర్చునే అంచు దగ్గర తుప్పు గీకించి, రబ్బరు వాల్వు కూడా కొత్తది వేయించండి, అదేం పెద్ద ఖర్చు కాదు. నట్లు ఎదురెదురుగా బిగించాలి. వంద కిలోమీటర్ల లోపల ఇంకోసారి బిగువు చూసుకోవాలి.

మీ బండి నాలుగంకెలు ఎంతో కింద రాయండి. వచ్చే వారం బ్రేక్ ఆయిల్.