బడి సమావేశంలో మన కుర్చీ



6–14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది అసలు బడికే వెళ్ళలేదని, లేదా మధ్యలో మానేశారని 2006లో సచార్ కమిటీ తేల్చింది. పేదరికాన్నొక్కదాన్నే నిందించి ఊరుకోలేము.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం మూడొంతుల మంది, అంటే నూటికి 75 మంది, తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. ఉర్దూ ఉపాధ్యాయుడు లేడా? ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదా? ఆ కమిటీలో కూర్చొని అడగండి, తీర్మానం రాయించండి. నాన్నకు పని ఉంటే అమ్మ వెళ్ళాలి.

ఇంట్లో మాటేమిటి? అక్షరం రాని తల్లి సైతం ప్రతి సాయంత్రం, “ఈరోజు పాఠం చదివి వినిపించు బేటా” అనగలదు. వినేవారున్న ఇంట్లోనే చదువు నిలుస్తుంది. వినడానికి డిగ్రీ అక్కరలేదు.