మలాకా కోట ముందు మన ఫొటో



మలేసియాలోని మన కుటుంబాలలో మలాకా వెళ్ళి, ఆ పాత కోట ద్వారం ముందు ఫొటో తీయించుకోనివారు అరుదు. ఇంటి ఆల్బములు తిరగేసి చూడండి. అందరి ముఖాలూ ఉంటాయి, ద్వారం మాత్రం సగమే ఉంటుంది. ఆ మిగతా సగం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

1511లో మలాకాను జయించిన పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ ఆ కోట కట్టించాడు. 1641లో అది డచ్చివారి వశమైంది. వారు బాగుచేయించి, ద్వారం పైన తమ ఈస్టిండియా కంపెనీ చిహ్నాన్నీ, 1670 అన్న సంవత్సరాన్నీ చెక్కించారు. ఆ తరువాత ఇంగ్లీషువారు వచ్చారు. ఊరు తిరిగి డచ్చివారికి ఇవ్వవలసివస్తే కోట తమకే ఎదురవుతుందని జంకి, 1807లో మందుపెట్టి పేల్చివేయించారు. రాఫిల్స్ కల్పించుకోబట్టి ఈ ఒక్క ద్వారమైనా దక్కిందంటారు. ఒకప్పుడు కోట చెంతనే ఉన్న సముద్రం కూడా, తీరం పూడ్చడంతో దూరం జరిగింది.

ఇందులో మనకేమున్నదని అడగవచ్చు. ఆ చిహ్నం గల కంపెనీయే 17వ శతాబ్దంలో మచిలీపట్నంలోనూ, భీమునిపట్నంలోనూ వర్తకం సాగించింది. మన తీరపు నేతబట్టలను ఓడలకెత్తి, ఈ తూర్పు దీవులలో సుగంధద్రవ్యాలకు మార్చుకునేది. మన తాతముత్తాతలు రబ్బరు తోటలకు వచ్చిన కథ మనకు తెలుసు. అంతకు రెండు శతాబ్దాలకు ముందే తెలుగు సాలెవారి చేతి బట్ట ఈ సముద్రం దాటింది. మనం నిన్నమొన్న వచ్చినవారమన్న మాట మన పిల్లల చెవిన పడుతుంటుంది. వారికి ఈ సంగతి తెలియాలి.

కనుక ఈసారి వెళ్ళినప్పుడు ద్వారానికి అడ్డంగా కాక, ఒక పక్కకు నిలబడండి. ఎండ ఏటవాలుగా పడే వేళ తీస్తే చెక్కడం స్పష్టంగా వస్తుంది. వెనుకనున్న గుట్ట ఎక్కి, జలసంధిని కూడా ఒక ఫొటో తీయండి. ఆ కోట దేనిని కాచిందో అప్పుడు తెలుస్తుంది.

ఫోనుతో తీసినా సరే, ఒక ప్రతి కాగితం మీద వేయించండి. దాని వెనుక ఎవరెవరున్నారో, ఏ ఏడు తీశారో పిల్లల చేత తెలుగులో రాయించండి. రాతి మీద సంవత్సరం చెక్కి పెట్టారు గనుకనే ఇన్నేళ్ళకూ మనం చదువుకోగలుగుతున్నాము. మన ఫొటోకూ ఆ మాత్రం రాత ఉండాలి.