సరకు పెట్టెల మరమ్మతు: మన జాగ్రత్త
(మట్మారిలో సంఘ సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



నేడు మేము విన్నవింపదలచినది ఇనుప పెట్టెను గూర్చి. భాషా సంఘమున దీని ప్రసక్తి యేల యని తలపవలదు. కడపట భాషయు ఇందు వచ్చి చేరును.

1956వ సంవత్సరము మనకు మరపురానిది. ఆ నవంబరు 1వ తేదీన మన రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రమునుండి మైసూరు రాష్ట్రమున చేరినది. ఆ యేడాదే ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కం మెక్లీన్ అను వర్తకుడు 58 పెట్టెలను ‘ఐడియల్ ఎక్స్’ అను ఓడపై నెక్కించి హ్యూస్టన్‌కు పంపెను. కంటైనరు రవాణాకు అదియే నాంది యందురు. నేడు ఆ పెట్టె రేవు లేని మన సీమకును వచ్చి మిల్లు వాకిట నిలుచుచున్నది.

పెట్టె మనది కాదు; ఓడ కంపెనీదో, అద్దెకిచ్చు కంపెనీదో. అద్దె యింటి కాపురము వలె కొన్నినాళ్ళు వాడుకొని యొప్పగింపవలెను. తీసికొనునపుడును, ఒప్పగించునపుడును డిపో వాకిట రసీదు వ్రాయుదురు. సహజమైన అరుగుదల యజమానిది. దెబ్బ వాడుకొన్న వానిది. డిపోవారు ఖర్చు అంచనా వేసి పంపుదురు. యజమాని యొప్పుకొన్న పిమ్మటనే మరమ్మతు జరుగును. తొలి రసీదులో లేని సొట్ట మన ఖాతాలో పడును.

మాకిది అనుభవము. నిరుడు వానాకాలమున మా బియ్యమునకు వచ్చిన పెట్టె కప్పున సన్నని చిల్లి యుండెను. ప్రక్క రేకు లోనికి సొట్టబోయి యుండెను. లారీ నడుపు మన తెలుగు కుర్రవాడు ఆంగ్లమున నున్న రసీదుపై చదువకయే వ్రాలు చేసెను. బస్తాలు తడిసినవి, సొట్ట ఖర్చును మాపై పడినది. వాదించుటకు మా చేత ఒక్క అక్షరమును లేదు. ఆ పిల్లవానిని నిందింపజాలము; చూడుమని చెప్పనివారము మేమే.

కావున సరకు నింపుటకు ముందు ఒకరు పెట్టెలోనికి పోయి తలుపులు మూయించుకొనవలెను. ఎచటనైన వెలుతురు కనబడినచో అచట నీరు దిగును. నేలపలకల నూనె మరకలు, మేకులు, దుర్వాసన, తలుపు రబ్బరు, గడియలు చూడవలెను. తలుపుపై నున్న ఫలకము 1972 నాటి అంతర్జాతీయ ఒడంబడిక ననుసరించినది. తొలి పరీక్ష 5 సంవత్సరములలోపు, పిమ్మట 30 నెలలలోపు జరుగవలెను. లేదా యజమాని నిరంతర పరీక్షా పద్ధతికి అనుమతి పొంది యుండవలెను. లోపము కనబడినచో ఫొటో తీసి, రసీదులో వ్రాయించి, పెట్టెను మార్పుమని కోరవలెను.

ఎవరికి వారు ఫోను చేసిన డిపోలో వినువారు అరుదు. అందుచే మా మనవి యిది: అందరి పక్షమున ఒక్కరిని నియమింతము. ప్రతి పెట్టె సంఖ్య, రాకపోకలు, లోపములు, మరమ్మతు అంచనాలు ఆయన పుస్తకమున నుండవలెను. డిపోతో ఉత్తర ప్రత్యుత్తరములు ఆయనవే. పరీక్షాంశముల పట్టికను తెలుగునను, కన్నడమునను అచ్చొత్తించి డ్రైవర్లకు, హమాలీలకు పంచుదము. మన కన్నడ సోదరుల బస్తాలును ఆ పెట్టెలలోనే పోవుచున్నవి. వానకు భాషాభేదము లేదు.

మాతృభాషలో చదువుకొనుట హక్కని నిత్యము చెప్పుకొందుము. వ్రాలు చేయు కాగితమును చదివి తెలిసికొనుటయు అందులోనిదే. ఈ వానలు పడకముందే ఆ పుస్తకమును తెరువ వేడుచు సెలవు గైకొనుచున్నాము.