లినక్సుతో తొలి పరిచయము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్ల పండుగనాడు కావ్యప్రసంగమునకు బదులు కంప్యూటరు ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. కారణము మన గ్రంథాలయములోనే యున్నది. ఇచ్చటి రెండు కంప్యూటర్లును విండోస్ 10 తో నడచుచున్నవి. ఆ వ్యవస్థకు మైక్రోసాఫ్టు సంస్థ 2025 అక్టోబరు 14తో సాధారణపు మద్దతును ముగించినది. యంత్రములు ఆ మరునాడు ఆగిపోలేదు. కాని క్రొత్తగా బయటపడు లోపములకు మరమ్మతులు మునుపటివలె అందవు. విండోస్ 11 పెట్టుకొందమన్న, అది కోరెడి టి.పి.ఎం. 2.0 వంటి హంగులు ఈ పాత యంత్రములలో లేవు. పాత ఇనుము క్రింద అమ్మివేయుడని కార్యవర్గమునకు సలహాలు వచ్చుచున్నవి. అమ్మకముందు మరియొక దారి కలదని మనవి చేయుటయే నా ఉద్దేశము. ఆ దారి పేరు లినక్సు.

ముందుగా ఆపరేటింగ్ సిస్టం అననేమో చూతము. గ్రంథాలయమున పుస్తకములున్నవి, బల్లలున్నవి, చదువరులు వత్తురు. ఎవరికే పుస్తకమీయవలెను, ఎవరెచ్చట కూర్చుండవలెను, తిరిగివచ్చినదానిని ఏ బీరువాలో నుంచవలెను అని చూచు గ్రంథపాలకుడు లేనిచో అంతయు గందరగోళమగును. కంప్యూటరులో మెమరీని, డిస్కును, కీబోర్డును, తెరను పలు ప్రోగ్రాములకు పంచిపెట్టు పాలకుడే ఆపరేటింగ్ సిస్టం. దాని నడిమి భాగమును కెర్నెల్ అందురు. గింజ యని అర్థము.

1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనునాయన, ఎవరైనను వాడుకొనదగినట్టియు, మూలమును చదివి మార్చుకొనదగినట్టియు, ఇతరులకు పంచదగినట్టియు ఒక సంపూర్ణ వ్యవస్థను నిర్మింతునని ప్రకటించి, దానికి గ్నూ అని పేరిడినాడు. కొన్ని యేండ్లకు అందులో పెక్కు భాగములు సిద్ధమైనవి. గింజ మాత్రము సిద్ధము కాలేదు. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, ఇరువదియొక్క యేండ్లవాడు, తన ముచ్చటకొరకు ఒక కెర్నెలును వ్రాసి అందరి ముందుంచినాడు. 1992లో దానిని గ్నూవారి జి.పి.ఎల్. అను అనుమతిపత్రము క్రిందికి తెచ్చినాడు. ఆ రెండును కలిసి నేటి లినక్సైనది.

మనకీ పద్ధతి క్రొత్త కాదు. పదునొకండవ శతాబ్దిలో నన్నయభట్టు ఆరంభించిన భారతాంధ్రీకరణము అరణ్యపర్వము నడుమ ఆగినది. పదుమూడవ శతాబ్దిలో తిక్కన విరాటపర్వము మొదలు తుదివరకు రచించినాడు. నడుమ మిగిలిన అరణ్యపర్వ శేషమును పదునాల్గవ శతాబ్దిలో ఎఱ్ఱన పూరించినాడు. ముందటివారి గ్రంథము చేతికందుటచేతనే తరువాతివాడు పూరింపగలిగినాడు. అది యొకరి పెట్టెలో తాళముపడి యుండిన ఎఱ్ఱన యేమి చేయగలడు? సోర్సుకోడు అందరికిని తెరచియుండవలెనను వాదమునకు సారమిదియే.

ఇంగ్లీషున ఫ్రీ యను నొక్క మాటకే వెల లేనిదనియు, స్వేచ్ఛ కలదనియు రెండర్థములుండుటచే అచ్చటివారు దీనిని వివరించుటకు చాల శ్రమపడుదురు. మన భాషలో ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. లినక్సు చాలమట్టుకు ఉచితముగనే దొరకును. కాని దాని ఘనత స్వేచ్ఛయందున్నది. తెలుగు లినక్సుకై హైదరాబాదున కృషిచేసిన సంస్థ తనకు స్వేచ్ఛ యనియే పేరు పెట్టుకొన్నది.

ఇక ఆరంభించువిధము. లినక్సు ఒక్క రూపమున దొరకదు. ఒకే గింజ చుట్టును వేర్వేరు బృందములు వేర్వేరు ప్రోగ్రాములు చేర్చి పంచుచున్నవి. 1993లో డెబియన్, 2004లో ఉబుంటు, 2006లో లినక్స్ మింట్ ఇట్లు పుట్టినవే. క్రొత్తవారికి ఏది మేలని రోజులతరబడి చర్చింపనక్కరలేదు. విండోసుకు అలవాటుపడినవారికి మింట్ దగ్గరిచుట్టము; ప్రోగ్రాముల పట్టిక అందులోను తెరకు ఎడమవైపు అడుగుననే యుండును. 64 బిట్ల యంత్రము, 2 జీబీల మెమరీ ఉన్న నడచును. 4 జీబీలున్న సుఖము. మరీ నెమ్మది యంత్రమునకు ఎక్స్.ఎఫ్.సి.ఈ. అను తేలిక రూపము కలదు.

మొదటి పని క్రొత్తది తెచ్చుట కాదు, ఉన్నది కాపాడుకొనుట. పత్రములు, ఫోటోలు, లెక్కలు వేరొక డిస్కునకు ఎక్కించి, తెరచి చూచి, సరిగానున్నవని రూఢి చేసికొనవలెను. తరువాత మింట్ వారి సొంత వెబ్‌సైటునుండియే ఐ.ఎస్.ఓ. ఫైలును దింపుకొనవలెను. దానితోపాటు చెక్‌సమ్ అను పొడవైన సంఖ్య యొకటి ఇత్తురు. దిగిన ఫైలునకు మనముగూడ ఆ సంఖ్యను కట్టించి రెండింటిని పోల్చవలెను. చిట్టా మొత్తమును ఖాతా మొత్తముతో సరిచూచుట వంటిదే యిది. ఒక్క అక్షరము తేడాపడినను ఆ ఫైలును వాడరాదు.

పిమ్మట ఎచర్ వంటి ప్రోగ్రాముతో ఆ ఫైలును 8 జీబీల పెన్‌డ్రైవునకు ఎక్కింపవలెను. పెన్‌డ్రైవులో మునుపున్నదంతయు తుడిచిపెట్టుకొనిపోవును గనుక ఖాళీదానినే తీసికొనుడు. దానిని తగిలించి, యంత్రమును ఆరంభించునపుడు ఎఫ్12, ఎఫ్2, ఎస్కేప్ మీటలలో ఆ కంపెనీ నిర్ణయించినదానిని నొక్కిన, పెన్‌డ్రైవునుండి ఆరంభించు వీలు కనబడును.

ఇచ్చట అందరును గుర్తింపవలసిన విశేషమొకటి కలదు. ఇన్‌స్టాల్ చేయుమని మనము చెప్పువరకు లినక్సు లోపలి డిస్కుమీద తనంతట తాను చేరదు, పెన్‌డ్రైవునుండియే నడచును. కావున కొన్నాళ్లు అట్లే వాడి చూడుడు. వైఫై అందుచున్నదా, శబ్దము వినబడుచున్నదా, ప్రింటరు అచ్చువేయుచున్నదా, తెలుగక్షరములు విడిపోక కనబడుచున్నవా యని పరీక్షింపుడు. నచ్చకున్న పెన్‌డ్రైవు తీసి మరల ఆరంభించిన పాత విండోస్ యథాప్రకారము వచ్చును.

నచ్చిన పిదప ఇన్‌స్టాల్ చేయునపుడు ముఖ్యమైన ప్రశ్న యొకటి యెదురగును. విండోస్ ప్రక్కన లినక్సును ఉంచుటయా, డిస్కునంతయు తుడిచి లినక్సొక్కటే ఉంచుటయా? రెండవదాని నెన్నుకొన్న పాత పత్రములు మిగులవు. డిస్కునకు బిట్‌లాకర్ తాళమున్నచో దాని రికవరీ కీ ముందుగనే వ్రాసి యుంచుకొనవలెను.

తరువాతి జీవితము సులభమే. ఫైర్‌ఫాక్స్, లిబర్‌ఆఫీస్ వెంటనే యుండును. క్రొత్త ప్రోగ్రాములకై ఎక్కడెక్కడనో వెదుకక సాఫ్ట్‌వేర్ మేనేజరులోనే తీసికొనవలెను. అప్‌డేట్లను వాయిదా వేయరాదు. తెలుగు వ్రాయుటకు ఇన్‌స్క్రిప్టు అమరిక కలదు. ఇంగ్లీషు అక్షరములతో ఉచ్చారణనుబట్టి వ్రాయు పద్ధతియు కలదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లును స్వేచ్ఛగా వాడుకొనదగినవే. టెర్మినల్ అను తెరను చూచి జంకనక్కరలేదు. తొలినాళ్ల పనికి అది అవసరమే కాదు. అర్థము తెలియని ఆజ్ఞలను, అందును సుడో యని మొదలగువానిని, ఎవరో చెప్పినారని అందు వ్రాయకుడు. తెల్లకాగితముమీద సంతకము పెట్టుట యెట్టిదో అదియు అట్టిదే.

లోపములు దాచి పొగడుట ధర్మము కాదు. టాలీ విండోస్ కొరకు చేయబడినది. లినక్సుమీద నేరుగ నడువదు. వ్యాపారపు లెక్కలు అందులో నున్నవారు విండోసును తీసివేయకూడదు. అను ఫాంట్లలో కూర్చిన పాత పత్రములు యూనికోడునకు మార్చుకొననిదే లినక్సున సరిగా కనబడవు. కొన్ని ప్రింటర్లు మొరాయించును. ఇవన్నియు పెన్‌డ్రైవు పరీక్షలోనే చాలవరకు తేలిపోవును. అందుచేతనే ముందు పరీక్ష, పిదప నిర్ణయము అని మరల మరల చెప్పుచున్నాను.

కార్యవర్గమువారికి నా మనవి ఇది. మన కంప్యూటర్లలో ఒకదానియందు సభ్యుల జాబితాయు, పుస్తకముల పట్టికయు కలవు. దానిని ఇప్పుడు ముట్టుకొనవలదు. పట్టికలకు మాత్రము రెండు ప్రతులు తీయింపుడు. రెండవదానిని అమ్మక, ఒక నెల విద్యార్థులకు అప్పగింపుడు. వారు పెన్‌డ్రైవుతో పరీక్షించి, ఏది నడచినదో, ఏది నడువలేదో ఒక నోటుపుస్తకమున తేదీలతో వ్రాయవలెను. ఆ పుస్తకమును చూచి మీరు నిర్ణయింపుడు. పని జరుగదని తేలిన అమ్ముట ఎప్పుడును ఉన్నదే. జరిగెనా, పరీక్షలకు చదువుకొను పిల్లలకు ఒక యంత్రము మిగులును. అమ్మిన దానికి వచ్చు సొమ్ముతో క్రొత్తది కొనలేమన్న సంగతి మీకు తెలియనిది కాదు.

విద్యార్థులకొక్క మాట. నాయనలారా, వాడుట నేర్చుకొనుటతో ఆగకుడు. లినక్సు మూలము మీ కొరకును తెరచియే యున్నది. తెలుగు అనువాదములలో తప్పు కనబడిన దిద్ది పంపుడు. ఆ హక్కు మీకును కలదు. బీరువాలోని పుస్తకము చదివినవానికే దక్కినట్లు, ఈ స్వేచ్ఛయు వాడుకొన్నవానికే దక్కును.