మన తాతముత్తాతల జాడలు ఎక్కడున్నాయి?



క్లాసులో పిల్లల్ని నేను అప్పుడప్పుడు అడుగుతుంటాను, "మీ దాదా పేరేమిటి? ఆయన తండ్రి పేరేమిటి?" అని. దాదా పేరు చెప్తారు. పర్‌దాదా దగ్గర చాలామంది ఆగిపోతారు. నానీ పుట్టిన ఊరు అడిగితే తెల్లమొహం వేస్తారు. తప్పు పిల్లలది కాదు. మనం చెప్పలేదు, వాళ్ళు వినలేదు.

వంశవృక్షాల కోసమే పెట్టిన వెబ్‌సైట్లలో మన పల్లెటూరి కుటుంబాలు దొరకడం అరుదు. కాని వేరే పనులకోసం పెట్టిన వాటిలో మనవాళ్ళ పేర్లు ఉన్నాయి.

మొదటిది ఓటర్ల జాబితా. 2002 నాటి పాత జాబితాలు ఎన్నికల అధికారుల వెబ్‌సైట్లలో ఉన్నాయి. ఇంటి నంబరు, తండ్రి లేక భర్త పేరు, వయస్సు కనబడతాయి. అప్పటికి 70 ఏళ్ళంటే పుట్టింది 1932 ప్రాంతమన్నమాట. అయితే పెళ్ళయిన ఆడవాళ్ళకు భర్త పేరే ఉంటుంది, పుట్టింటి జాడ తెలియదు.

ఆ లోటు కొంతవరకు రిజిస్ట్రేషన్ శాఖవారి ఈసీ తీరుస్తుంది. 1983 నుంచి జరిగిన దస్తావేజుల వివరాలు అందులో చూడవచ్చు. షరీయత్ ప్రకారం కూతురికీ వాటా ఉంది గదా! తండ్రి ఆస్తి అమ్మినప్పుడు అక్కచెల్లెళ్ళు కూడా సంతకం చేసి ఉంటే, మరచిపోయిన మేనత్తల పేర్లు అక్కడ బయటపడతాయి.

మీ ఖాందాన్‌లో ఎవరైనా ఫౌజులో చేరి తిరిగి రాలేదా? కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వెబ్‌సైటులో రెండు ప్రపంచయుద్ధాలలో చనిపోయిన సుమారు 17 లక్షలమంది వివరాలున్నాయి. కొందరికి తండ్రి పేరు, ఊరు కూడా రాశారు.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత జిల్లా గ్రంథాలు, రేఖ్తాలో పాత ఉర్దూ కితాబులు ఉచితంగా చదవవచ్చు. మీ ముత్తాత పేరు వాటిలో ఉండకపోవచ్చు; ఆయన బ్రతికిన కాలం ఉంటుంది.

పాత కాగితంలో ఫసలీ 1330 అని ఉంటే 590 కలపండి, 1920 వస్తుంది. హిజ్రీకి ఈ లెక్క పనికిరాదు. చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు తక్కువ. తేదీలు మార్చే వెబ్‌సైటు చూసుకోవాలి.

ఒక హెచ్చరిక. ఒకే ఊళ్ళో నలుగురు షేక్ మస్తాన్‌లు ఉంటారు. తండ్రి పేరు, ఊరు, కాలం మూడూ కలిస్తేనే మనవాడని రాయండి. గొప్పకోసం షజరాలో ఎవరెవరినో చేర్చకండి. బ్రతికున్నవాళ్ళ వివరాలు నలుగురిలో పెట్టకండి.

అసలు సంగతి చెప్తాను. ఏ పేరు వెతకాలో ఫోనుకు తెలియదు, ఇంట్లో పెద్దలకు తెలుసు. హైదరాబాదు సంస్థానంలో 1884 దాకా ఫార్సీ, తర్వాత ఉర్దూ సర్కారీ భాషలు. అందుకే చాలా ఇళ్ళల్లో పెట్టె అడుగున ఉన్న కాగితాలు మన పిల్లలు చదవలేరు. చదవగలిగినవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. వెబ్‌సైటు రేపు కూడా ఉంటుంది, నానీ ఉండకపోవచ్చు.

కాబట్టి మన సొసైటీవారికి నా మనవి: ఒక ఆదివారం ఉర్దూ చదివే పెద్దల్ని, ఫోను తెలిసిన పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టండి. వాళ్ళు చెప్పాలి, వీళ్ళు రాయాలి. వెతకడం ఆ తర్వాత.