బస్తా ఎవరిది, గెడ్డ ఎవరిది?
(నౌపడలో జరిగిన మహిళా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నౌపడ అంటే బయటివారికి ఉప్పు మడులే గుర్తొస్తాయి. మీకు తంపర కూడా గుర్తొస్తుంది. చేపలు, తుంగ, పశువుల మేత ఇచ్చే ఆ నేలను థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చేస్తే ఈ ప్రాంతం ఊరుకోలేదు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అప్పుడు ఎవరితో పోరాడుతున్నామో కళ్ళకు కనిపించింది. ఈరోజు నేను మాట్లాడేది మన ఇంటి అరుగు మీదున్న యూరియా బస్తా గురించి.

45 కిలోల బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. నీళ్ళు నిలిచిన వరి మడిలో చల్లితే సాధారణంగా అందులో సగం కూడా పైరుకు అందదు. మిగిలినదాంట్లో కొంత గాలిలో కలుస్తుంది, కొంత భూమిలోకి ఇంకుతుంది, కొంత కాలువకూ గెడ్డకూ చేరుతుంది. డి.ఎ.పి.లోని భాస్వరం మట్టితోపాటు కొట్టుకుపోతుంది. నీటిలో కూడా ఇవి ఎరువులే. నాచు, గుర్రపుడెక్క పెరిగిపోతాయి. అవి చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలో ప్రాణవాయువు తగ్గిపోయి చేపలు చచ్చి తేలతాయి. ఊరి మురుగు, రొయ్యల చెరువుల నీరు చేసేదీ ఇదే.

రైతును తిట్టి లాభం లేదు. 2010లో కేంద్రం పోషకాల ఆధారంగా సబ్సిడీ తెచ్చినప్పుడు యూరియాను అందులో చేర్చలేదు. మిగతా ఎరువుల ధరలు పెరిగాయి, యూరియా చవకగా ఉండిపోయింది. చవకైనదాన్నే ఎక్కువ చల్లుతారు. 1974 నాటి నీటి కాలుష్య చట్టం దృష్టి అంతా ఫ్యాక్టరీ గొట్టం మీద, పట్టణాల మురుగు మీద. పొలం గట్టు దాటి పారే నీళ్ళు దానికి ఆనవు.

ఇందులో స్త్రీల సమస్య ఏముందని అడుగుతారు. పట్టా పుస్తకం ఎక్కువగా మగవాడి పేరున ఉంటుంది. ఎంత ఎరువు వేయాలో ఆయనే నిర్ణయిస్తాడు. మడిలో దిగి నాట్లు వేసేది, గెడ్డలో బట్టలు ఉతికేది, బోరింగు నీళ్ళు మోసేది మనం. తాగే నీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశ ప్రమాణం. దాటిన నీటితో పోతపాలు కలిపితే, పసిబిడ్డ రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్ళు నీలంగా మారే ప్రమాదముంది. కాచినా నైట్రేటు పోదు. నిర్ణయం ఒకరిది, నష్టం ఇంకొకరిది.

2019లో మొదలైన జల జీవన్ మిషన్ ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష నేర్పాలంది. మీ ఊళ్ళో ఆ ఐదుగురు ఎవరో పంచాయతీలో అడగండి. పరీక్ష బోరింగు దగ్గర ఆగకూడదు, గెడ్డ దాకా రావాలి. ఫలితాలు పంచాయతీ గోడ మీద రాయించండి. భూసార పరీక్ష కాగితం మీరూ చదవండి, రాకపోతే చదివించుకోండి. యూరియాను విడతలుగా వేయమని, వాన ముందు వేయవద్దని, జీలుగ, జనుము కలియదున్నమని ఇంట్లో చెప్పండి.

రోడ్డెక్కి నినాదం ఇవ్వడం కన్నా ఇంట్లో ఈ మాట అనడం కష్టమని నాకు తెలుసు. అయినా అనాలి. బస్తా మూతి విప్పేముందు మన మాట కూడా అడగాలి.